స్టీరింగ్ మోటారు మొరాయిస్తే: విప్పే ముందు ఏం చూడాలి, ఎలా చూడాలి

రోబో నాలుగు చక్రాల్లో మూడు చెప్పిన వైపు తిరుగుతాయి. నాలుగోది మాత్రం ఎటో చూస్తూ నిలబడిపోతుంది. అప్పుడు టీమ్‌లో ముందుగా వినిపించే మాట "మోటారు పోయింది." వెంటనే ఒకరు అలెన్ కీ అందుకుంటారు, ఇంకొకరు ఫోన్‌లో కొత్త మోటారు ఆర్డర్ పెట్టడం మొదలుపెడతారు.

నేను విజయనగరంలో ఇంజనీరింగ్ చదివిన రోజుల్లో రోబో టీమ్‌లో పనిచేశాను. ఇప్పుడు వీలున్నప్పుడల్లా జూనియర్ల దగ్గరికి వెళ్లి కూర్చుంటాను. ఇన్నేళ్లలో నా చేతికి వచ్చిన స్టీరింగ్ సమస్యల్లో మోటారు నిజంగా కాలిపోయినవి చాలా తక్కువ. స్క్రూ వదులవడం, కనెక్టర్ లోపల సోల్డరింగ్ విడిపోవడం, ఎన్‌కోడర్ (ఎంత తిరిగిందో కొలిచే సెన్సర్) మాగ్నెట్ పక్కకు జరగడం లాంటివే ఎక్కువ. ఎన్‌కోడర్ ఉన్న గేర్ మోటారు మన ఊళ్లో అప్పటికప్పుడు దొరికేది కాదు. విశాఖపట్నం వెళ్లి వెతకాలి, లేదా కొరియర్ కోసం రోజులు లెక్కపెట్టాలి. అంత ఎదురుచూశాక కొత్త మోటారు కూడా అలాగే మొరాయిస్తే పిల్లల ముఖాలు చూడలేం. అందుకే ఏ పరీక్ష ముందు, ఏది తర్వాత అన్నది వరుసగా రాస్తున్నాను.

ఇది ముఖ్యంగా రోబోకాన్ లాంటి పోటీలకు స్వెర్వ్ డ్రైవ్ రోబో కట్టే కాలేజీ టీమ్‌ల కోసం. స్వెర్వ్ అంటే ప్రతి చక్రానికీ రెండు మోటార్లు ఉంటాయి. ఒకటి చక్రాన్ని దొర్లిస్తుంది, రెండోది ఆ చక్రం ఎటు చూడాలో తిప్పుతుంది. ఆ రెండోదే స్టీరింగ్ మోటారు. సర్వోతో (చెప్పిన కోణానికి తిరిగి ఆగే చిన్న మోటారుతో) నడిచే చిన్న రోబోలు చేసే స్కూలు పిల్లల కోసం కూడా కింద కొంచెం రాశాను.

ఈ మోటారు మీద ఎంత భారం పడుతుందో ముందు తెలుసుకోవాలి. రోబో నిలబడి ఉండగా చక్రాన్ని పక్కకు తిప్పాలంటే, రబ్బరు మొత్తం మ్యాట్ మీద రాసుకుంటూ తిరగాలి. పరిగెత్తేటప్పటి కంటే ఆగి ఉన్నప్పుడే దానికి కష్టం ఎక్కువ. కరెంటు వెళ్తున్నా షాఫ్ట్ కదలలేని స్థితిని స్టాల్ అంటాం. ఆ క్షణంలో కరెంటును అడ్డుకునేది వైండింగ్ రెసిస్టెన్స్ ఒక్కటే. 12 వోల్ట్ల మోటారుకు వైండింగ్ 1.5 ఓమ్‌లు ఉంటే స్టాల్‌లో 8 ఆంపియర్లు లాగుతుంది. నాలుగూ ఒకేసారి మొదలైతే 32. అదే మోటారు గాల్లో ఖాళీగా తిరిగినప్పుడు ఒక ఆంపియర్ కూడా తీసుకోకపోవచ్చు. స్టూలు మీద చక్కగా తిరిగిన చక్రం నేల మీద పెట్టగానే ఆగిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

పని మొదలుపెట్టే ముందు

రోబోను చక్రాలు నేలకు తగలకుండా ఇటుకల మీదో చెక్కల మీదో నిలబెట్టండి. ఎమర్జెన్సీ స్విచ్ దగ్గర ఒక మనిషి ఉండాలి. అతనికి ఇంకే పనీ చెప్పకండి. చెయ్యి లోపల పెట్టాల్సి వస్తే స్విచ్ ఆపితే సరిపోదు, బ్యాటరీ ప్లగ్ తీసేయండి. లిథియం పాలిమర్ బ్యాటరీ రెండు తీగలూ ఒకదానికొకటి తగిలితే మంటలు వస్తాయి. ఇందులో మొహమాటం వద్దు. సీనియర్ చెయ్యి పెట్టినా సరే, ప్లగ్ తీశారా అని అడగాల్సిందే.

లక్షణాన్ని కాగితం మీద రాయండి

"పని చేయడం లేదు" అని రాస్తే లాభం లేదు. ఏం జరుగుతోందో చూసి రాయండి. అసలు చప్పుడే లేదంటే కరెంటు అందడం లేదు, లేదా సిగ్నల్ రావడం లేదు. గుయ్‌మని మోత వస్తూ కదలకపోతే ఎక్కడో పట్టేసింది, లేదా వోల్టేజీ పడిపోతోంది. ఆన్ చేయగానే ఆగకుండా గిరగిరా తిరిగితే ఎన్‌కోడర్ రీడింగ్ రావడం లేదు, లేదా దిశ తిరగబడింది. చలిజ్వరం వచ్చినట్టు అటూ ఇటూ వణికితే ట్యూనింగ్ తప్పు, లేదా గేర్లలో ఖాళీ ఎక్కువైంది. ఐదు నిమిషాలు బాగా నడిచి తర్వాత మెల్లగా దారి తప్పితే ఏదో జారుతోంది. ఎంతసేపటికి మొదలైంది, నేల మీదా గాల్లోనా, బ్యాటరీ నిండుగా ఉందా సగమా, ఇవి కూడా పక్కనే రాసుకోండి.

మార్చి చూడండి

మీ దగ్గర ఒకేలాంటివి నాలుగు మాడ్యూళ్లు (చక్రం, దాని మోటార్లు, ఎన్‌కోడర్ కలిసిన భాగాలు) ఉన్నాయి. చెడ్డదాన్ని పోల్చుకోవడానికి మంచివి మూడు కళ్లముందే ఉన్నట్టు. ఇంత మంచి అవకాశం వదులుకోకూడదు.

దీనికి ముందు ఒక చిన్న టెస్ట్ ప్రోగ్రామ్ కావాలి. అందులో పీఐడీ (ఎన్‌కోడర్ చూసి కోణాన్ని సరిదిద్దే లెక్క) ఉండకూడదు, ఎన్‌కోడర్ చదవకూడదు. మోటారుకు 30 శాతం పీడబ్ల్యూఎం (కరెంటును వేగంగా ఇస్తూ ఆపుతూ పవర్ తగ్గించే పద్ధతి) ఇచ్చి ఒక సెకను కుడికి, ఒక సెకను ఆపి, ఒక సెకను ఎడమకి తిప్పాలి. అంతే. పీఐడీ నడుస్తుండగా మోటారు ప్లగ్గులు మారిస్తే, ఒక చక్రం ఎన్‌కోడర్ చూసి ఇంకో చక్రాన్ని తిప్పినట్టు అవుతుంది. రెండూ ఆగకుండా తిరిగి తీగలు తెంపేస్తాయి.

ఇప్పుడు మూడో చక్రం తిరగడం లేదనుకుందాం. డ్రైవర్ బోర్డు (ప్రోగ్రామ్ నడిపే కంట్రోలర్ చెప్పినట్టు మోటారుకు కరెంటు ఇచ్చే బోర్డు) దగ్గర రెండో, మూడో మోటార్ల ప్లగ్గులు తారుమారు చేయండి. మూడో చక్రమే మళ్లీ మొండికేస్తే లోపం ప్లగ్ నుంచి చక్రం వైపు ఉంది. అంటే తీగ, మోటారు, గేరు, బేరింగ్. ఇప్పుడు మూడోది తిరిగి రెండోది ఆగిపోతే లోపం డ్రైవర్ వైపు ఉంది. అప్పుడు మోటారు ప్లగ్గులు మళ్లీ యథాస్థానంలో పెట్టి, కంట్రోలర్ నుంచి డ్రైవర్లకు వెళ్లే సిగ్నల్ తీగలు తారుమారు చేయండి. లోపం చక్రం మారితే కంట్రోలర్ పిన్నూ ఆ తీగా చూడాలి, మారకపోతే డ్రైవర్ బోర్డు చూడాలి.

ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చిన ప్రతిసారీ రాయండి. ఇద్దరు రెండు వైపులా కూర్చుని చెరొకటి మార్చేస్తే, రోబో బాగుపడినా ఏం చేస్తే బాగుపడిందో ఎవరికీ తెలియదు. అది రేపు మళ్లీ వస్తుంది.

లోపం చక్రం వైపు ఉంటే, ముందు చేత్తో తిప్పండి

బ్యాటరీ తీసేసి నాలుగు మాడ్యూళ్లనూ ఒక్కొక్కటిగా చేత్తో తిప్పండి. ఒకటి మిగతావాటికంటే బిగుతుగా ఉంటే బేరింగ్‌లో ఇసుక చేరి ఉండొచ్చు, ప్లేటు వంగి ఉండొచ్చు, బెల్టు అతిగా లాగి ఉండొచ్చు. తీగ చుట్టుకుపోయి చక్రాన్ని పట్టేయడం కూడా మామూలే. గేర్ నిష్పత్తి ఎక్కువున్న మోటారైతే చేత్తో తిరగదు. బలవంతం చేస్తే పళ్లు విరుగుతాయి. అలాంటప్పుడు మోటారును కప్లింగ్ (మోటారు షాఫ్ట్‌ను చక్రానికి కలిపే ముక్క) దగ్గర విడదీసి చక్రం ఒక్కదాన్నే తిప్పి చూడండి.

తర్వాత గ్రబ్ స్క్రూలు, అంటే కప్లింగ్‌ను షాఫ్ట్‌కు పట్టి ఉంచే తల లేని చిన్న స్క్రూలు. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి.

పోటీకి నెల రోజులుందనగా మా రోబో మూడో చక్రం ఐదారు నిమిషాలకే దారి తప్పడం మొదలైంది. స్క్రీన్ మీద మాత్రం కోణం సరిగ్గానే కనిపించేది. మూడు రాత్రులు పీఐడీ విలువలు మార్చాం. దాచుకున్న స్పేర్ మోటారు కూడా వేసేశాం. ఫలితం లేదు. చివరికి ప్లేటుకు కొత్త రంధ్రం వేయించడానికి మాడ్యూల్‌ను గంటస్తంభం వైపు ఉన్న ఒక లేత్ షాపుకు తీసుకెళ్లాం. మేస్త్రి గారు ఒక చేత్తో మోటారు, ఇంకో చేత్తో చక్రం పట్టుకుని కొంచెం మెలిపెట్టారు.

"మోటారు బాగానే తిరుగుతంది బావూ. ఈ కప్లింగే పట్టు ఒదిలేసినాది. దీన్ని ఒగ్గీసి మోటారు మారిస్తే ఏటవుద్ది?"

జరిగింది ఇది. మా ఎన్‌కోడర్ మోటారు షాఫ్ట్ వెనక ఉంది. కప్లింగ్ జారిన ప్రతిసారీ మోటారు తిరిగినంతా ఎన్‌కోడర్ లెక్కపెట్టేది, చక్రం మాత్రం అంత తిరిగేది కాదు. ప్రోగ్రామ్ దృష్టిలో అంతా సవ్యంగా ఉంది. మేస్త్రి గారు గుండ్రటి షాఫ్ట్‌ను ఒకవైపు ఆకురాయితో చదును చేసి, స్క్రూ సరిగ్గా ఆ చదును మీద కూర్చునేలా బిగించారు. ఆయన దానికి డబ్బులు కూడా తీసుకోలేదు. ఆ రోజు నుంచి కొత్త మాడ్యూల్ ఏది కట్టినా ఎన్‌కోడర్‌ను చక్రం తిరిగే ఇరుసుకే పెట్టమని అందరికీ చెబుతున్నాను.

మీరు కూడా షాఫ్ట్‌కు చదును ఉందో లేదో చూడండి. స్క్రూ విప్పి, మరలు శుభ్రంగా తుడిచి, నీలం రకం లాక్‌టైట్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క వేసి బిగించండి. ఎరుపు రకం వద్దు. దాన్ని మళ్లీ విప్పాలంటే వేడి చేయాల్సి వస్తుంది. బిగించాక షాఫ్ట్ మీద నుంచి కప్లింగ్ మీదకు నెయిల్ పాలిష్‌తో ఒకే గీత గీయండి. జారితే గీత రెండు ముక్కలై పక్కపక్కన కనిపిస్తుంది. ఇంతకంటే చౌకైన పరీక్ష నాకు తెలియదు.

కరెంటు దారి

వోల్టేజీ చూసేటప్పుడు చాలామంది రోబో ఖాళీగా ఉండగా బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ పెట్టి, 12.4 వచ్చింది, బాగుంది అనేస్తారు. కరెంటు పారనప్పుడు చెడిపోయిన జాయింటు కూడా పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. భారం మీద చూడాలి.

రోబోను నేల మీద పెట్టి, టెస్ట్ ప్రోగ్రామ్‌తో స్టీరింగ్ తిప్పిస్తూ, మీటర్ ఎర్ర తీగ బ్యాటరీ ప్లస్ మీద, నల్ల తీగ డ్రైవర్ బోర్డు ప్లస్ మీద పెట్టండి. కనిపించేది దారిలో పోతున్న వోల్టేజీ. 0.2 వోల్ట్లు దాటితే ఆ దారిలో ఒక జాయింటు బాగోలేదు. తర్వాత మైనస్ వైపు కూడా ఇలాగే. మైనస్ వైపు చూడటం ఎక్కువమంది మరిచిపోతారు. తేడా ఎక్కువ వస్తే ఒక్కో కనెక్టర్‌కు అటూ ఇటూ పెట్టి కొలుస్తూ వెళ్లండి, దొంగ దొరుకుతాడు. ఎక్కువగా దొరికేది ఎక్స్‌టీ60 కనెక్టర్ వెనక, ష్రింక్ ట్యూబ్ లోపల పగిలిన సోల్డరింగ్.

మన జిల్లాల్లో ఇంకోటి ఉంది. సముద్రం దగ్గర. కళింగపట్నం, బారువ, భోగాపురం వైపు ఊళ్లలో సెలవులకు ఇంటికి తీసుకెళ్లి పెట్టిన బోర్డుల మీద, క్రింప్ చేసిన (తీగకు నొక్కి బిగించిన) పిన్నుల మీద ఉప్పుగాలికి పచ్చగా చిలుం పట్టడం చూశాను. పిన్ను పైకి మెరుస్తూనే ఉంటుంది, క్రింప్ లోపల రాగి నల్లబడి ఉంటుంది. అలాంటి పిన్నును గీకి వాడకండి. కత్తిరించి కొత్తది వేయండి.

3 సెల్స్ బ్యాటరీ నిండా ఛార్జ్ అయితే 12.6 వోల్ట్లు. తిప్పేటప్పుడు అది 10 దగ్గరకు పడిపోతే జాయింట్లు బాగున్నా బ్యాటరీ అలసిపోయినట్టే. సెల్ చెకర్‌తో ఒక్కో సెల్ విడిగా చూడండి, ఒకటి మిగతావాటికంటే ముందే పడిపోతుంటుంది. ఏ సెల్‌నూ 3 వోల్ట్ల కిందకు పోనివ్వకండి. కంట్రోలర్ ఈఎస్‌పీ32 అయితే వోల్టేజీ పడిన ప్రతిసారీ రీసెట్ అయి, సీరియల్ మానిటర్‌లో బ్రౌనౌట్ అని సందేశం వస్తుంది. స్టీరింగ్ "మధ్యమధ్యలో" చచ్చిపోతోందంటే ముందు ఆ సందేశం కోసం చూడండి. మోటార్లకూ కంట్రోలర్‌కూ వేర్వేరు రెగ్యులేటర్లు పెట్టి, మైనస్‌లు మాత్రం ఒకచోట కలపండి. మైనస్‌లు కలవకపోతే సిగ్నల్‌కు అర్థమే ఉండదు.

డ్రైవర్‌కు బల్బు పరీక్ష

మోటారు తీసేసి దాని స్థానంలో కారు బ్రేక్ లైటు బల్బు, 12 వోల్ట్లు 21 వాట్లది పెట్టండి. ఏ ఆటోమొబైల్ షాపులోనైనా దొరుకుతుంది. సుమారు 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది కాబట్టి డ్రైవర్‌కు నిజమైన భారమే. మీ బ్యాటరీ 24 వోల్ట్లదైతే రెండు బల్బులు వరుసలో కలపండి. ప్రోగ్రామ్‌లో పీడబ్ల్యూఎం మెల్లగా పెంచితే వెలుగు మెల్లగా పెరగాలి, రెండు దిశల్లోనూ ఒకేలా వెలగాలి. ఒక దిశలో వెలిగి రెండో దిశలో వెలగకపోతే డ్రైవర్‌లో సగం బ్రిడ్జి (దిశ మార్చే స్విచ్‌ల సర్క్యూట్) పోయింది, లేదా దిశ చెప్పే తీగ తెగింది. అసలు వెలగకపోతే ముందు సిగ్నల్ పిన్ దగ్గర వోల్టేజీ చూడండి. కొన్ని డ్రైవర్లకు ఎనేబుల్ పిన్ (బోర్డును పనిచేయమని చెప్పే పిన్) విడిగా ఉంటుంది. దాన్ని కలపకుండా బోర్డు పాడైందని పక్కన పడేసినవి నా దగ్గరే రెండు ఉన్నాయి, రెండూ ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

మోటారు వంతు ఇప్పుడు

ఇక్కడిదాకా అన్నీ బాగున్నాయంటేనే మోటారును అనుమానించండి. రెండు తీగల మధ్య రెసిస్టెన్స్ కొలవండి. షాఫ్ట్‌ను కొంచెం కొంచెం తిప్పుతూ ఐదారు చోట్ల కొలవాలి. బ్రష్ మోటారులో ఒకచోట 1.5 వచ్చి ఇంకోచోట 20 వస్తే, లేదా అసలు రీడింగ్ రాకపోతే, బ్రష్ అరిగిపోయింది లేదా కమ్యుటేటర్ (బ్రష్ రాసుకునే రాగి రింగు) మసిపట్టింది. మంచి మోటారును కూడా అలాగే కొలిచి పక్కన పెట్టి పోల్చండి. తీగకూ మోటారు బాడీకీ మధ్య ఏ కొద్ది కంటిన్యుటీ వచ్చినా ఆ మోటారు వాడకండి.

మీటర్ లేకపోయినా ఒక ఉపాయం ఉంది. చేత్తో తిరిగే మోటారైతే, తీగలు విడిగా ఉంచి షాఫ్ట్ తిప్పండి. తర్వాత రెండు తీగలనూ ఒకదానికొకటి తగిలించి తిప్పండి. రెండోసారి స్పష్టంగా బరువుగా అనిపించాలి. తేడా లేదంటే లోపల సర్క్యూట్ తెగింది.

వేడిని కూడా పట్టించుకోండి. రాగి రెసిస్టెన్స్ ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో ప్రాక్టీసు చేస్తే, మోటారు లోపల ఇంకో 60 డిగ్రీలు పెరగడం పెద్ద విషయం కాదు. అప్పుడు రెసిస్టెన్స్ దాదాపు పావు వంతు పెరిగి, స్టాల్‌లో ఇవ్వగలిగే బలం దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. ఉదయం తిరిగిన చక్రం మధ్యాహ్నం తిరగకపోతే ఇదొక కారణం. మోటారు మీద ఐదు సెకన్లు చెయ్యి ఆనించలేకపోతే ఆపి చల్లారనివ్వండి.

ఎన్‌కోడర్

మన దగ్గర చాలా టీమ్‌లు వాడేది ఏఎస్5600 అనే మాగ్నెట్ ఎన్‌కోడర్ చిప్. ఒక చుట్టును 4096 భాగాలుగా చెబుతుంది. దీనికి వాడే మాగ్నెట్‌లో ఉత్తర, దక్షిణ ధ్రువాలు ముఖం మీద పక్కపక్కన ఉండాలి. పైన ఒకటి, కింద ఒకటి ఉండే మామూలు బిళ్ల మాగ్నెట్ పెడితే రీడింగ్ పిచ్చిగా వస్తుంది. చిప్‌కూ మాగ్నెట్‌కూ మధ్య దూరం సాధారణంగా 0.5 నుంచి 3 మిల్లీమీటర్ల మధ్య, మాగ్నెట్ సరిగ్గా చిప్ నడినెత్తిన ఉండాలి. మాగ్నెట్ కనిపిస్తోందా, బలం తక్కువా ఎక్కువా అన్నది చిప్ స్టేటస్ రిజిస్టర్ తానే చెబుతుంది. ఆ మూడు బిట్లనూ మీ ప్రోగ్రామ్‌లో ప్రింట్ చేయించండి.

ఈ చిప్‌లన్నిటికీ ఒకటే ఐ2సీ (చిప్‌లు రెండు తీగల మీద మాట్లాడుకునే పద్ధతి) అడ్రస్. ఒకే లైను మీద నాలుగు పెడితే నలుగురు ఒకేసారి మాట్లాడినట్టు ఉంటుంది. టీసీఏ9548ఏ లాంటి మల్టిప్లెక్సర్ (ఒక్కోదాన్ని విడిగా లైనుకు కలిపే చిప్) పెట్టాలి, లేదా చిప్ అనలాగ్ అవుట్‌పుట్ వాడాలి. ఐ2సీ అసలు బోర్డు మీద చిన్న దూరాలకు ఉద్దేశించినది. మోటారు తీగల పక్కనే అడుగున్నర పొడవున లాగితే లైను మధ్యలో బిగుసుకుపోతుంది. తీగలు విడదీయండి, మోటారు తీగలు మెలిపెట్టండి, మోటారు టెర్మినళ్ల మీద 104 సిరామిక్ కెపాసిటర్ పెట్టండి, ప్రోగ్రామ్‌లో టైమౌట్ పెట్టండి. రీడింగ్ రాకపోతే మోటారు ఆగిపోవాలి, పాత రీడింగ్ పట్టుకుని తిరుగుతూ ఉండకూడదు. క్యాన్ లైను (బోర్డులు రెండు తీగల మీద మాట్లాడుకునే ఇంకో పద్ధతి) వాడేవాళ్లు పవర్ ఆపి రెండు తీగల మధ్య కొలవండి, 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక చివర రెసిస్టర్ లేదు, లేదా తీగ తెగింది.

చివరికి కోడ్

ఆన్ చేయగానే పరుగందుకుంటే దిశ తిరగబడింది. మోటారు రెండు తీగలు మార్చండి, లేదా కోడ్‌లో గుర్తు మార్చండి. రెండూ మారిస్తే మళ్లీ మొదటికే.

ఒకే దిక్కు దగ్గర చక్రం పూర్తి చుట్టు తిరిగి వస్తోందా? 350 డిగ్రీల నుంచి 10కి వెళ్లాలంటే 20 డిగ్రీలు ముందుకు తిరిగితే చాలు, కోడ్ 340 డిగ్రీలు వెనక్కి తిప్పుతోంది. తేడాను ఎప్పుడూ మైనస్ 180, ప్లస్ 180 మధ్యకు తెచ్చుకోండి. అది 90 దాటితే దొర్లే మోటారు దిశ తిప్పేసి, మిగిలిన చిన్న కోణమే తిరగమని చెప్పండి. స్టీరింగ్ మోటారు పని సగానికి సగం తగ్గుతుంది.

వణుకు ఉంటే పీఐడీలో పీ విలువ సగం చేయండి, ఐ సున్నా చేయండి. ఒక డిగ్రీ లోపు తేడాను వదిలేయమనండి. గమ్యం దగ్గర వణుకుతూ నిలబడ్డ మోటారు చూడ్డానికి కదలదు కానీ లోపల ఉడికిపోతుంటుంది. పూర్తి పవర్ ఇచ్చినా అర సెకను పాటు కోణం మారకపోతే పవర్ తగ్గించే నాలుగు లైన్లు తప్పకుండా రాయండి. మోటార్లను, డ్రైవర్లను కాపాడేది అవే.

సర్వో వాడే పిల్లలకు

ఎంజీ996ఆర్ లాంటి సర్వో 6 వోల్ట్ల దగ్గర స్టాల్‌లో 2.5 ఆంపియర్లు లాగుతుంది. ఆర్డుయినో 5 వోల్ట్ల పిన్ అంత ఇవ్వలేదు. విడి రెగ్యులేటర్ పెట్టి మైనస్ కలపండి. సర్వో జుయ్‌మంటూ ఉంటే, చక్రం చివరి హద్దుకు తగిలి ఆగిపోయినా సర్వో ఇంకా తోస్తోందని అర్థం. కోడ్‌లో కోణం హద్దులు తగ్గించండి. 1.5 మిల్లీసెకన్ల పల్స్ ఇచ్చి, అది మధ్యలో నిలబడ్డాకే హార్న్ (సర్వో షాఫ్ట్ మీద పెట్టే చిన్న చెయ్యి) బిగించండి.

ప్రయాణం, పోటీ రోజు

మేము ఢిల్లీ వెళ్లినప్పుడు సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ దాటి ఒకటిన్నర రోజు ఆ కుదుపులు తిన్న రోబో, బయల్దేరినప్పటి రోబో ఒకటి కాదు. దిగాక ముందు పవర్ ఇవ్వకండి. నెయిల్ పాలిష్ గీతలన్నీ టార్చ్ వేసి చూడండి, ప్రతి కనెక్టర్‌నూ వేలితో నొక్కండి, నాలుగు చక్రాలూ చేత్తో తిప్పండి. తర్వాత ఇటుకల మీద టెస్ట్ ప్రోగ్రామ్, ఆ తర్వాత నేల మీద పది నిమిషాలు. సున్నా కోణాలు మళ్లీ సరిచూసుకోండి.

రెండు మూడు నిమిషాల ఆటల మధ్య పిట్‌లో కూర్చుని లోపం వెతకడానికి సమయం ఉండదు. మోటారు, ఎన్‌కోడర్, చక్రం అన్నీ బిగించి, కోణం సరిచేసి, పరీక్షించిన ఒక పూర్తి మాడ్యూల్‌ను సంచిలో ఉంచుకోండి. నాలుగు బోల్టులు, రెండు ప్లగ్గులు విప్పితే మారిపోయేలా డిజైన్ మొదట్లోనే చేసుకోండి. తీసేసిన మాడ్యూల్‌కు ఒక టేపు ముక్క అంటించి ఏ చక్రం, ఏ లక్షణం, ఎన్ని గంటలకు అని రాసి పక్కన పెట్టండి. రాత్రి గదికి చేరాక దాన్ని పైన చెప్పిన వరుసలోనే చూడండి.